జడివానలో రాజకవి చూచిన పొయ్యిలు

ఈ వార్షిక సంచికకు చారిత్రకమైన వ్యాస మొకటి వ్రాసి పంపుడని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో శాసనములను, వంశావళులను, దానపత్రములను గుఱించి పెద్దలు వ్రాయుట వాడుక. వారివలె శిలాఫలకముల నరసి చదువగల పాండిత్యము మాకు లేదు. మాకు తెలిసినది ఒక పద్యము. అది నాలుగు పాదముల పద్యము. అందున్నది ఒక వానదినమున ఒక పల్లెలోని కొందఱు సేద్యగాండ్ర భోజనము. మన సభలలో ఉపన్యాసకులు తఱచుగా దానిని ఎలుగెత్తి చదువుదురు. ప్రేక్షకులు కరతాళధ్వనులు చేయుదురు. చక్రవర్తియంతవాడు మన పూర్వుల గుడిసెను తన కావ్యమున కెక్కించెనను సంతోష మందులకు కారణము. ఆ సంతోషమును మేము కాదనము. కాని ఆ పద్యమును నిదానముగా చదివినవారు తక్కువయని మా యనుమానము.

ఆ కావ్యము ఆముక్తమాల్యద. దీనికే విష్ణుచిత్తీయ మని నామాంతరము. 1509 మొదలు 1529 వఱకు విజయనగర సింహాసనము నధిష్ఠించిన శ్రీకృష్ణదేవరాయలు దీని కర్త. కళింగ దండయాత్రా సందర్భమున తాను విజయవాటికలో కొన్నినాళ్లు నిలిచి, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున కేగి, ఏకాదశినాడు ఉపవసించితిననియు, ఆ రాత్రి ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి తెలుగున కావ్యము రచింప నానతిచ్చెననియు కవియే అవతారికలో చెప్పుకొనెను. కథ గోదాదేవి కల్యాణము. ఆఱాశ్వాసముల యా ప్రబంధములో కథ సాగిన చోటులకంటె ఆగిన చోటులే పెక్కు. అట్లాగిన చోట్లలో నొకటి చతుర్థాశ్వాసమందలి వర్షర్తువర్ణనము. మన పద్య మచ్చటిది.

పద్యము నిచ్చట ఉదాహరింపము. పాఠకులలో పలువురకు అది కంఠస్థమే. తాత్పర్యము మాత్రము చెప్పుదుము. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస అను ఆకులను, చింతచిగురును కలిపి నూనెతో పొరటి, ఆవిరి క్రక్కుచున్న ఆరుగన్నముతో ఇష్టముగా మెక్కి, పసులు పొలమునకు పోగా ఇంట మిగిలిన క్రేపులు తమ మేనులు నాకుచుండ, మేకయెరువు రాజవేసిన కుంపటులకు మీదుగా మంచముల నెక్కి రెడ్లు ఆ జడిని గడపిరట. వారికి ప్రభుత్వ మొక్కటియే ప్రాప్తి యన్నట్లు ఒక విశేషణమును కవి వారి పేరునకు ముందు తగిలించెను. ఇంతియే పద్యము. ఇందు యుద్ధము లేదు, దానము లేదు, దేవుడు లేడు.

ముందుగా దీని నడకను చూతము. ఇది మత్తేభవిక్రీడితము. పాదమునకు ఇరువది అక్షరములు. పదునాలుగవ అక్షరమున యతి. పేరే మదగజము యొక్క క్రీడ. మన కవులు రాజుల ప్రతాపమునకును, సేనల కదలికకును, సభలలో గంభీరోక్తులకును ఈ వృత్తమును తఱచు వాడుదురు. అట్టి యంబారి యేనుగుపై కవి ఇచ్చట కూరాకుల గంప నెక్కించెను. మొదట వరుసగా అచ్చ తెలుగు ఆకుల పేర్లు. ఒక్కొక్కటి రెండు మొదలు నాలుగక్షరముల వఱకు గల మాట. పిమ్మట చింతచిగురునకు మాత్రము సంస్కృత సమాసపు పట్టుబట్ట కట్టెను. ఆ సమాసము మొదటి పాదమును దాటి రెండవ పాదములోనికి ప్రవహించును. మఱల వెంటనే నూనె, ఆవిరి, అన్నము. ఆవిరిని చెప్పు చోట ద్విత్వ టకారములు వెంటవెంట పడును. పొయ్యిమీది కుండమూత ఎగిరెగిరి పడు చప్పుడు మాకచ్చట వినబడును. ఇది మా చెవి దోషమైనను కావచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఎనుబది యక్షరముల యీ పద్యమంతయు ఒకే వాక్యము, దానికి సమాపకక్రియ ఒక్కటియే. మెక్కి, పోగా, నాకగా అని అసమాపకక్రియలు ఒకదానివెంట నొకటి నడచి నడచి, నాలవ పాదమున మంచము నెక్కుటతో గాని వాక్యము నిలువదు. కర్త పేరు ఆ క్రియకును వెనుక వచ్చును. ఆకులు వచ్చినవి, అన్నము వచ్చినది, పసులు, దూడలు, ఎరువు, కుంపటి, మంచము అన్నియు వచ్చినవి. ఆ తరువాత గాని మనుష్యుడు రాలేదు. వచ్చినవాడును పద్యమునకు తుదిమాట కాలేదు; తుదిమాట జడి. అనగా రెడ్డి కూర్చున్నది ఒకవైపు ప్రభుత్వము అను మాటకును, మఱియొకవైపు జడి అను మాటకును నడుమ. ఈ కూర్పును కవి యెఱుగక చేసెనని మేము నమ్మలేము.

ఇక వర్ణింపబడిన వస్తువులు. ఇందు పేర్కొన్న యాకులలో దేనినైనను ఎవ్వరైనను విత్తి, నీరు పోసి పెంచుదురా? గురుగును చెంచలియు తుమ్మియు తగిరిసయు తొలకరి చినుకులకు చేనిగట్లపైనను, బీళ్లలోను తమంత తాము మొలచును. చింతచిగురు దోటి కందును. ఖర్చయినదేమైన నున్నచో నూనె యొక్కటియే. అన్నమును వరి కాదు, ఆరుగలు. నేటి వాడుకలో అరికెలు. మెట్టనేలలో తక్కువ నీటితో పండి, గాదెలో ఏండ్లకేండ్లు చెడక నిలుచు ధాన్యము. జడి పట్టినకాలము ఎట్టిదో సేద్యము చేసిన కుటుంబములవారి కొకరు చెప్పవలసిన పనిలేదు. పాతగింజ అడుగంటియుండును, క్రొత్తగింజ ఇంకను చేనిమీద నుండును. కవి చూపినది పండుగ విందు కాదు, ఆ నడిమి నెలల కూడు. ఆ కూడునే ఆవిరితో, కమ్మని నూనెవాసనతో చూపినందున మనకది విందువలె తోచును. ఆ కూరలో మిరపకాయ లేకుండుటయు గమనింపదగినది. అది అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి నౌకలతో ఈ దేశమునకు వచ్చినది. చింతచిగురు పులుపే ఆ పూట రుచి.

మేకయెరువు కుంపటియు నట్టిదే. జడిలో కట్టెలు తడిసిపోవును. మేకపెంటికలు ఎండినపిదప మంట లేకయే నిదానముగా రాజుచు చాలసేపు వెచ్చదనము నిచ్చును. మంచముక్రింద మంట పెట్టరాదుగదా! ఈ విషయము అంతఃపురమునుండి కనబడునది కాదు. ఈ కావ్యము రాయలది కాదు, అల్లసాని పెద్దనార్యునిదను వాద మొకప్పుడు నడచినది. ఆకుకూరల పేర్లు కర్తృత్వమునకు సాక్ష్యము కానేరవు గనుక మేమా జోలికి పోము. కాని 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలుచుటకై మెట్టసీమల వెంబడి సేనలతో దండు విడియుచు పోయిన రాజు, డేరా ముంగిట నిలిచి ఇట్టి గుడిసెలను చూచియుండు ననుకొనుట అసంగతము కాదు.

క్రేపులు మేను నాకుట యను చిత్రమును గుఱించి వేఱుగ చెప్పవలెను. పసులు పొలమునకు పోయినవి. తల్లులు లేని దూడలు మనుష్యుని యొడలి యుప్పుకై నాకుచున్నవి. వారు కదలరు, అదలింపరు. ఈ యొక్క మాటతో ఆ యింటిలో మనుష్యునికిని పశువునకును నడుమ గోడ లేదని తెలియుచున్నది. తక్కిన వర్ణనమంతయు పోయినను ఈ దూడలు మిగిలిన చాలునని మాకు తోచును.

స్వరము మాట కష్టమైనది. కవి ఈ రెడ్లను గౌరవించెనా, పరిహసించెనా? వేదము వేంకటరాయశాస్త్రిగారివంటి మహామహులు ఈ కావ్యమునకు వ్యాఖ్య రచించిరి. వారి యెదుట మా మాట చెల్లునని కాదు, మా చదువునకు తోచినది చెప్పుదుము. తినుటకు కవి వాడిన క్రియ 'మెక్కు'. నేడు ఆ మాట తిట్టుగా వాడబడుచున్నది. ఆ కాలమునను అది రాజభోజనమునకు వాడదగిన మాట కాదు. ఆ మోటుమాటను ముందుంచి, ప్రభుత్వమను పెద్దమాటను వెనుకనుంచినపుడు కవి పెదవిపై చిఱునవ్వు లేదని చెప్పజాలము. ఎరువు కుంపటిపై నులకమంచమే సింహాసనముగా, దూడలే పరిచారకులుగా ఉన్న దొరతన మది. కాని ఆ నవ్వు ఎట్టిది? పలనాటి జొన్నకూటిని, అచ్చటి జనులను వెక్కిరించు చాటువులు కొన్ని శ్రీనాథునివని లోకమున వ్యాపించియున్నవి. అచ్చట నవ్వువాడు వేఱు, కూడు తినువాడు వేఱు. తనకు సన్నన్నము దొరకలేదను కోపమే ఆ నవ్వునకు మూలము. రాయల పద్యములో ఆ కోపము లేదు. తినువారు ఇష్టముతో తినిరని కవియే చెప్పుచున్నాడు. ఆ యిష్టము నాతడు నమ్మినాడు.

ఈ కవి నవ్వు ఎటు ప్రవహించునో తెలిసికొనుటకు ప్రథమాశ్వాసములో విల్లిపుత్తూరి పొలములను వర్ణించునపుడు చెప్పిన మఱియొక పద్యము తోడ్పడును. అదియు మత్తేభమే. వరిమళ్ల కాలువలలో బాతులు తలలను ఱెక్కలలో దూర్చి నిద్రించుచున్నవి. ఊరి తలారులు వానిని చూచి, వేకువ స్నానము చేసి పోయిన బ్రాహ్మణులు మఱచిన తడిబట్టల ముద్దలని భ్రమించి, వారి యిండ్లకు చేర్తమని రేవులోనికి దిగుదురు. బట్టలు లేచి పరుగెత్తును! అది చూచి నవ్వువారెవరు? రాజు కాదు, కవి కాదు. చేను కావలియున్న పడుచులు. కాపలావారి పొరబాటును కాపుపడుచులు చూచి నవ్విరి. ఈ కావ్యములో పల్లెవారు నవ్వుటకును అర్హులు, నవ్వబడుటకును అర్హులు. రెడ్ల పద్యమందలి చిఱునవ్వు ఈ జాతిదే యని మా తలంపు.

ఇంతవఱకు సభలలో కరతాళధ్వనులు చేయువారితో మాకు పేచీ లేదు. పేచీ వచ్చునది ఆ పద్య మొక్కదానినే చదివి పుస్తకము మూయుటలో. అదే కవి చూచిన తక్కిన పొయ్యిలను గూడ చూడవలదా?

ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని యిల్లు కలదు. అతిథులకు అన్నము పెట్టుటయే ఆయన వ్రతము. అచ్చటను జడివాన పట్టినది, ఆకాశము నీటిబుగ్గయైనది. ఆ యింటి యిల్లాలు కన్నులకు పొగ సోకకుండ కొబ్బరిచిప్పలు మండించి వండును. సన్నన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. వరుగులును వడియములును ఎండకాలమున ఎండబెట్టి దాచినవి. ఆ యింటికి వానకాలము ముందుగా తెలిసియే వచ్చినది.

చతుర్థాశ్వాసమునకు మఱల వత్తము. అదే వర్షర్తువర్ణనమున ఒక సామాన్యగృహిణి కలదు. ఇల్లిల్లు తిరిగిన గాని ఆమెకు కొంచెము నిప్పు దొరకదు. దొరికినను తడికట్టె రాజదు. ఒక చిక్కు తీరినచో దాని వెనుక మఱియొక చిక్కు నిలిచియుండును. ఆ వానలో ఒక పూట వంట యెంత యుద్ధమో కవి మెట్టు మెట్టుగా చూపెను. విష్ణుచిత్తుని భార్య కన్నులకు పొగ సోకలేదు. ఈమెకు పొగ తప్ప వేఱు లేదు. ఒకే కవి, ఒకే జడి. ఈ రెండు పద్యములను చేర్చి చదివినపుడు గాని కొబ్బరిచిప్పల విలువ మాకు బోధపడలేదు. రెడ్డి మంచమెక్కి కూర్చున్న పద్యములో పొయ్యియొద్ద ఎవరున్నారో కవి చెప్పలేదు. ఈ పద్యములో చెప్పినాడు.

నాలవ పొయ్యి యొకటి కలదు. అది వర్ణనములో లేదు, రాజనీతిలో నున్నది. అదియు చతుర్థాశ్వాసమే. యామునాచార్యుడు తన కుమారునకు రాజధర్మమును బోధించుచు, నేల కొంచెమైనను కుంటలు కాలువలు త్రవ్వించి, పేదకు అరికోరులలో నయము చూపి వృద్ధిచేసినచో అర్థమును ధర్మమును పెరుగునని చెప్పును. ఇది వట్టి కావ్యోక్తి కాదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలు త్రవ్వించుచున్న యొక పెద్ద చెఱువు పనిలో పదునైదు ఇరువదివేల మంది చీమలవలె కనబడిరని వ్రాసినాడు. ఆ వ్రాతలను రాబర్టు స్యూయెలుగారు 1900లో ఆంగ్లమున వెలువరించిరి.

ఆ రాజనీతిలోనే అధికారులను గుఱించి యొక మాట వచ్చును. బాధలకోర్వలేక ప్రజలు ఊరు విడిచిపోయినచో వారిని మఱల పిలువక, వారి పసులను గింజలను అమ్ముకొని, వారి యిండ్లు వంటచెఱకునకు పనికివచ్చునని చూచు అధికారి యుద్ధభూమిలోని నక్కవంటివాడట. అట్టివాడు గల రాజు ఏడుదీవులు గెలిచినను అతనికి సమృద్ధి లేదట. చదువరులు ఒక్క నిమిష మాగుడు. రెడ్ల పద్యములో నేమేమి యున్నవి? పసులు, గింజ, ఇల్లు, నిప్పు. ఇచ్చట నేమున్నవి? అవే పసులు, అదే గింజ, అదే యిల్లు, అదే నిప్పు. పొలమునకు పోయిన పసులు సంతకు పోయినవి. గాదెలోని గింజ అమ్ముడుపోయినది. గుడిసె వాసములు మఱియొకని పొయ్యిలో మండుచున్నవి. గుడిసెలోని వెచ్చదనము ఎంతలో చల్లారునో అదే చక్రవర్తి యెఱిగి వ్రాసినాడు.

రాయల యనంతరము 1535 ప్రాంతమున విజయనగరములో నున్న న్యూనిజ్ అను మఱియొక పోర్చుగీసువాడు, కాపులు పండినదానిలో పదింట తొమ్మిదిపాళ్లు దొరల కప్పగింపవలసి యుండెనని వ్రాసెను. అంత పాలు ఎవ్వరును చెల్లింపజాలరని, ఆ లెక్క అతిశయోక్తియని చరిత్రకారు లనేకు లందురు. కావచ్చును. ఆ యంకెను త్రోసివేసినను నక్క పద్యమును త్రోసివేయలేము. అది పరదేశి విని వ్రాసినది కాదు, ఏలినవాడే చెప్పినది.

కనుక ప్రభుత్వమను ఆ మాటను మన సంఘము తన ఘనతకు పట్టాగా చూపుకొనుటలో మాకు సంకోచము కలదు. రెడ్డి యను మాట అప్పుడు కులమును మాత్రమే తెలుపునది కాదు, గ్రామపెత్తనమును గూడ తెలుపునది. 1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దగు వఱకు రాయలసీమ పల్లెలలో గ్రామమునసబును 'రెడ్డి' యని పిలుచుట కలదు. పద్యములోని రెడ్డి ఊరికి పెద్ద. ఆ ఊరిలో ఆయన మంచమెక్కిన దినమున వానలో పసుల వెంట పొలమునకు పోయినవా డొకడుండును గదా! పసులు తమంత తాము పోవు. ఆతడు పద్యమున కనబడడు, క్రియలో దాగియున్నాడు. మన పూర్వులు మంచముపై నుండిరో, పసుల వెనుక నుండిరో నిశ్చయించి చెప్పగల వంశావళి మాకు చిక్కలేదు. ఇరుచోటుల నుండిరనుటయే న్యాయము.

ఈ వ్యాసము వ్రాయు సందర్భమున ఆకుల పేర్లను సరిచూచుకొందమని మా యూరిలో ఎనుబదియేండ్లు దాటిన ఒక అవ్వను అడిగితిమి. గురుగు, చెంచలి, తుమ్మి తెలియుననెను. తగిరిసను ఆకు పోలికలు చెప్పిన పిదప గుర్తుపట్టి, తమవైపు దానిని తంటెమందురని చెప్పెను. ఈ యాకులను గుఱించి ఒక మహారాజు పద్యము వ్రాసెనని చెప్పి, చదివి, అర్థమును వివరించితిమి. ఆమె శ్రద్ధగా విని, "ఇంట్లో గింజలుంటే ఇవి ఎవరు తింటారు నాయనా? మా అమ్మ వానలో గోనెపట్ట కప్పుకొని పోయి ఒడినిండా కోసుకొచ్చేది. చేతులు పాసిపోయేవి" అని, కొంచెముసే పూరకుండి, "కోసుకొచ్చిందెవరో ఆ పద్యంలో ఉందా?" అని యడిగెను.

"లేదవ్వా" అంటిమి.

"దూడలు నాకేది మాత్రం నిజమే" అని ఆమె నవ్వెను.